వైజాగ్ ఒడ్డున గాలం: రాడ్ కొనేముందు నీరు చూడండి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుందని. హైదరాబాద్ నుంచి ఉద్యోగం మారి మధురవాడకి వచ్చారు. అక్కడ చెరువుల్లో కొరమీనుకీ బొచ్చెకీ గాలం వేసిన అలవాటుంది. ఇక్కడ సముద్రంలో పార, పండుగప్ప పట్టాలని ఉంది. చేతిలో పదిహేను వేలున్నాయి. ఏ రాడ్, ఏ రీల్ కొనాలి, ఎక్కడికి వెళ్ళాలి, పడవ మాట్లాడుకుంటే కోనాం, సూర దొరుకుతాయా అని అడిగారు.

నేను అప్పికొండ నుంచి భీమిలి దాకా ఈ ఒడ్డున గాలం వేయడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. మీరడిగిన వరుసలో కాకుండా నీటి గురించి ముందు చెబుతాను, రాళ్ళ గురించి ఆ తర్వాత, సామాను సంగతి దాని తర్వాత. తొందరపడి షాపుకి వెళ్ళకండి. ఇంకో నెల ఆగినా చేపలు ఎక్కడికీ పోవు.

చెరువులో కొరమీను ఎక్కడుంటుందో మీకు తెలుసు. గుర్రపుడెక్క అంచున, తూటికాడల కింద, నీడ పట్టున. నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటుంది. సముద్రంలో పెద్ద చేప అలా ఒకచోట కూర్చోదు. చిన్న చేపల వెంట అది తిరుగుతుంది, చిన్న చేపలు నీటి కదలికని బట్టి తిరుగుతాయి. కాబట్టి మీరు వెతకాల్సింది చేపని కాదు, నీరు ఎక్కడ ఇరుకవుతోంది, ఎక్కడ రంగు మారుతోంది, ఎక్కడ రాతికి తగిలి వెనక్కి తిరుగుతోంది అన్నది. ఇది నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఖరీదైన పాపర్లు (నీటి పైన చప్పుడు చేస్తూ కదిలే ఉత్తుత్తి ఎరలు) పట్టుకుని ఒక ఆదివారం యారాడ, ఒక ఆదివారం రుషికొండ, ఇంకో ఆదివారం ముత్యాలమ్మపాలెం అంటూ తిరిగాను. దొరికినవి నాలుగు జెల్లలు, ఒక టేకు (తోకలో ముల్లుండే స్టింగ్‌రే) పిల్ల.

మూడో ఏడు భీమిలిలో, గోస్తని సముద్రంలో కలిసే మొగ దగ్గర, వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను పిలిచాడు. "ఏటి బాబూ, రోజూ ఒచ్చి నీళ్ళని కొడతన్నావు. నీరెటు ఎల్తందో ఒక్కపాలైనా సూసినావా?" అన్నాడు. రాడ్ పక్కన పెట్టించి గంటన్నర కూర్చోబెట్టాడు. పోటు (నీరు పెరగడం) ఆగి పాటు (నీరు తగ్గడం) మొదలైంది. అప్పటిదాకా నిలకడగా ఉన్న ఏటినీరు మెల్లగా కదిలి, ఇసుకమేట కొనని రాసుకుంటూ సముద్రంలోకి దిగడం మొదలుపెట్టింది. మట్టిరంగు నీటికీ ఆకుపచ్చ నీటికీ మధ్య గీత గీసినట్టు ఒక అంచు కనిపించింది. ఆ అంచు పక్కన చిన్న చేపలు చిటపటమంటూ ఎగిరాయి. ఆ తర్వాత రెండు నిమిషాలకి వాటి కింద 'బొళుక్' మని ఒక శబ్దం. నోరు తెరిచి నీటితో సహా చేపని మింగితే వచ్చే శబ్దం అది. పండుగప్ప అని ఆయన చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు నేను గాలం వేయలేదు. ఆ తర్వాతి వారం అదే పాటుకి, అదే అంచుకి వేశాను. నా మొదటి పండుగప్ప పడింది, రెండున్నర కిలోలు.

అందుకని నా మొదటి సలహా: ఒక్క చోటు ఎంచుకోండి, కనీసం ఏడాది దాన్ని వదలకండి. మీరుండేది మధురవాడ కాబట్టి భీమిలి మొగ మీకు దగ్గర. మొదటి నాలుగు వారాలు రాడ్ లేకుండా వెళ్ళండి. ఒక చిన్న నోట్‌బుక్‌లో పోటు ఎప్పుడు నిండింది, పాటు ఎప్పుడు మొదలైంది, గాలి ఎటు నుంచి వచ్చింది, నీటి రంగు ఎలా ఉంది, కొంగలు ఎక్కడ నిలబడ్డాయి, ఇవి రాసుకోండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం మీ రీల్ కంటే విలువైనదవుతుంది. నావి ఇప్పటికి ఆరు పుస్తకాలు నిండాయి.

మన దగ్గర రోజుకి రెండు పోటులు, రెండు పాటులు. ప్రతిరోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీటి మట్టం తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది, అష్టమి ప్రాంతాల్లో అది అర మీటరుకి పడిపోతుంది. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అందుకే ఇక్కడ ఆటుపోటుల బలం తెరిచిన బీచ్‌లో పెద్దగా తెలియదు, మొగల దగ్గరే తెలుస్తుంది. భీమిలిలో పాటు మొదలైన మొదటి రెండు గంటలు మంచి సమయం. ఆ రెండు గంటలు తెల్లవారుజాముతోనో సూర్యాస్తమయంతోనో కలిస్తే సెలవు పెట్టయినా వెళ్ళండి. అమావాస్యకి, పౌర్ణమికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు నాకు బాగా కలిసొచ్చాయి. ఎండాకాలంలో మాత్రం ఇసుకమేట పెరిగి మొగ ఇరుకవుతుంది, నీరు దాదాపు కదలదు. అప్పుడు అక్కడ గంటలు గడపడం వృథా. వానలు పడి, అనంతగిరి కొండల నుంచి నీరొచ్చి గోస్తని మళ్ళీ గట్టిగా పారినప్పుడు మొగ రూపమే మారిపోతుంది. కిందటేడు మీరు గుర్తుపెట్టుకున్న లోతు ఈ ఏడు అక్కడ ఉండదు. ప్రతి వానాకాలం తర్వాత మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి.

కాలాల సంగతి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తెల్లవారుజామున కొండల మీద నుంచి నేలగాలి వీస్తుంది, అంటే మీ వీపు మీద గాలి. లూర్ (ఉత్తుత్తి ఎర) ఇరవై అడుగులు ఎక్కువ దూరం పోతుంది. పది, పదకొండు గంటలకి గాలి తిరిగి సముద్రం మీద నుంచి కొడుతుంది, అప్పుడు సర్దుకుని ఇంటికి రావచ్చు. మార్చి, ఏప్రిల్‌లలో తీరం వెంట నీరు ఉత్తరానికి పారుతుంది, నీరు తేటగా ఉంటుంది. పారలకి మంచిదే కానీ తేటనీటిలో మందపాటి లీడర్ (లైన్‌కీ గాలానికీ మధ్య కట్టే గట్టి తీగ) వాటికి కనిపిస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, పెద్ద అలలు. ఒడ్డు గాలానికి మొగలు, ఉప్పుటేర్లు తప్ప మిగతావి వదిలేయండి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరికీ ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలల్లో ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, ఉత్తరం నుంచి పెద్ద నదుల మంచినీరు కలిసి పైపొర ఉప్పదనం తగ్గుతుంది. అయినా తుపాను వెళ్ళిపోయిన నాలుగైదు రోజులకి, మట్టి తేరుకునేటప్పుడు, ఏడాదిలో మంచి వేట దొరికే రోజులు కొన్ని ఉంటాయి.

ఇప్పుడు రాళ్ళు. ఇది జాగ్రత్తగా చదవండి.

పారలు తెల్లటి నురుగులో వేటాడతాయి. అల రాతికి కొట్టుకుని వెనక్కి జారేటప్పుడు చిన్న చేపలు తల్లకిందులవుతాయి, పారకి అదే అదను. అందుకే తొట్లకొండ కింద, మంగమారిపేట వైపు, జోడుగుళ్ళపాలెం దగ్గర రాళ్ళు చూడగానే ఆశ పుడుతుంది. ఆ ఆశతోనే 2011 జనవరిలో నేను నడుములోతు నీళ్ళ పక్కన ఉన్న ఒక రాయి ఎక్కాను. సముద్రం ప్రశాంతంగా ఉంది. పది నిమిషాలు నా పాదాలు కూడా తడవలేదు. అప్పుడు మూడు పెద్ద అలలు వరుసగా వచ్చాయి. మొదటిది మోకాళ్ళని కొట్టింది, రెండోది పడేసింది, మూడోది రాతి మీద నుంచి ఈడ్చుకుపోయింది. పాచికీ, రాతికి అంటుకున్న గవ్వలకీ రెండు అరచేతులూ, మోచేతులూ చీరుకుపోయాయి. రాడ్ పోయింది. అక్కడ వల లాగుతున్న ఇద్దరు కుర్రాళ్ళు తాడు విసిరి లాగకపోతే ఈ సమాధానం రాసే మనిషి ఉండేవాడు కాదు. వాళ్ళ అమ్మకి ఇప్పటికీ సంక్రాంతికి చీర పెడతాను.

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: అల ఎత్తు చూశాను, అలకీ అలకీ మధ్య వ్యవధి చూడలేదు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన తుపాను అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన ఒడ్డుకి వస్తాయి. పైన ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, అల ఎత్తు కూడా తక్కువే కనిపిస్తుంది. కానీ వ్యవధి ఎక్కువైన అలలో నీటి బరువు ఎక్కువ, ఒడ్డుకి చేరాక ఒక్కసారిగా లేస్తుంది. హైదరాబాద్‌లో ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, మీరు దాని ముందు నుంచి చాలాసార్లు వెళ్ళే ఉంటారు. దేశం మొత్తానికి సముద్రపు అలల సూచనలు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వస్తాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లో వైజాగ్ తీరానికి అల ఎత్తు, వ్యవధి రోజూ ఇస్తారు. వ్యవధి పన్నెండు సెకన్లు దాటితే నేను రాళ్ళ జోలికి పోను. ఏ రోజైనా సరే, రాయి ఎక్కే ముందు ఇరవై నిమిషాలు పొడి నేల మీద నిలబడి చూస్తాను. ఆ ఇరవై నిమిషాల్లో ఏ రాయి తడిసినా ఆ రాయి మీద నిలబడను.

ఒంటరిగా వెళ్ళవద్దు. లైఫ్ జాకెట్ వేసుకోండి, ఒడ్డున వేసుకుంటే ఎవరో నవ్వుతారని మొహమాటపడకండి. నడుముకి కట్టుకునే సన్నరకం, నీళ్ళలో పడగానే ఉబ్బేది దొరుకుతుంది. పాచి మీద జారని అడుగున్న బూట్లు వేసుకోండి, చెప్పులు పనికిరావు. ఆర్కే బీచ్, యారాడ, రుషికొండల్లో ఇసుకలో నిలబడినా మోకాలు దాటి దిగవద్దు. అక్కడ నీరు ఒడ్డు నుంచి లోపలికి గట్టిగా లాగే చోట్లు ఉన్నాయి, ఏటా ఈతొచ్చినవాళ్ళు కూడా మునిగిపోతున్నారు. లాగేసినప్పుడు ఒడ్డుకి ఎదురీదితే అలసిపోయి మునుగుతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగు నుంచి బయటపడాలి.

సామాను. మీ పదిహేను వేలు చాలు, అన్నీ ఒకేసారి కొనకపోతే.

తొమ్మిది అడుగుల స్పిన్నింగ్ రాడ్, 20 నుంచి 60 గ్రాముల బరువు విసరగలిగేది తీసుకోండి. చెరువుకి వాడిన ఆరడుగుల రాడ్‌తో అల వెనక్కి లూర్ పోదు. పన్నెండు అడుగులది ఎర గాలానికి బాగుంటుంది కానీ రోజంతా లూర్ విసిరితే భుజం పోతుంది. రీల్ 4000 సైజు, దానికి ఉప్పునీటికి పనికొచ్చేలా మూసిన బేరింగులు ఉన్నాయో లేదో అడగండి. రాడ్‌కి నాలుగు వేలు, రీల్‌కి ఐదు వేలు పెట్టండి. డబ్బు తగ్గించాలనుకుంటే రాడ్‌లో తగ్గించండి, రీల్‌లో వద్దు. పార లాగేటప్పుడు డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని కొంచెం కొంచెం వదిలే రీల్ బ్రేకు) సాఫీగా జారకపోతే ఎంత మంచి రాడ్ ఉన్నా లైన్ తెగుతుంది.

లైన్ పీఈ 2 (మందం నంబరు) బ్రెయిడ్, అంటే అల్లిన దారం, 200 మీటర్లు. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. ఒక షాపులో నలభై పౌన్లని రాసి ఉన్న చవక బ్రెయిడ్ కొన్నాను. అది సగం బరువుకే తెగింది, దాంతోపాటు మంచి చేపా పోయింది, ఆ చేప మూతికి నా లూర్ ఉండిపోయింది. ఆ చేప ఎలా బతికిందోనని చాలా రోజులు బాధపడ్డాను. అప్పటి నుంచి కొత్త బ్రెయిడ్ ఏది కొన్నా సామాను తూచే స్ప్రింగ్ త్రాసుకి కట్టి లాగి చూస్తాను. అదే త్రాసుతో డ్రాగ్ కూడా సరిచూసుకోవచ్చు: లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య జారేలా బిగించండి. పదిహేను కిలోలకి తెగే లైన్‌కి నాలుగైదు కిలోల దగ్గర డ్రాగ్ జారాలి.

బ్రెయిడ్ చివర 40 పౌన్ల లీడర్ మీటరున్నర. రెంటినీ ఎఫ్‌జీ ముడితో కలపాలి. ఇంట్లో టీవీ ముందు కూర్చుని యాభై సార్లు వేయండి, చీకట్లో చేత్తో తడుముకుంటూ వేయగలిగేదాకా. గాలికి వణికే చేతులతో ఒడ్డున నేర్చుకోవడం అవ్వదు. కోనాం తిరిగే రోజుల్లో లీడర్ చివర జానెడు స్టీల్ వైర్ కట్టండి, దాని పళ్ళు కత్తెరలాంటివి.

లూర్‌లు ముప్పై కొనాలనిపిస్తుంది, ఆరు చాలు. 30, 40 గ్రాముల మెటల్ జిగ్‌లు రెండు, ఇవి ఎదురుగాలికీ దూరానికీ. నాలుగంగుళాల రబ్బరు చేపలు, 15 నుంచి 20 గ్రాముల సీసపు తలతో, ఇవి పండుగప్పకి. కొంచెం మునిగి ఈదే మిన్నో, అంటే చిన్న చేప ఆకారపు లూర్, ఒకటి. పాపర్ ఒకటి. పండుగప్పకి రబ్బరు చేపని పాటునీటిలో వదిలి, నీరు తీసుకెళ్ళినట్టు పోనిస్తూ అప్పుడప్పుడు మాత్రం చిన్న కుదుపు ఇవ్వండి. పారకి దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఆగకుండా వేగంగా చుట్టాలి. వెంటపడుతోంది కదా అని ఆపితే తిరిగి వెళ్ళిపోతుంది.

ఎర గాలం చిన్నతనమేమీ కాదు. మొదటి ఆరు నెలలు దానితోనే వేయమంటాను, నీటి గురించి ఎక్కువ నేర్పుతుంది. తాజా రొయ్య, కవ్వలు, కానాగుర్త ముక్క, ఇవి చాలు. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లోనో పెద్ద జాలరిపేటలోనో ఆడవాళ్ళ దగ్గర కొనండి. ఎరకని చెబితే ఏది కొనాలో వాళ్ళే ఏరి ఇస్తారు. ఐసులో రెండు రోజులున్న రొయ్య మెత్తబడి మొదటి విసురుకే ఊడిపోతుంది. ఎరకి మామూలు గాలం బదులు సర్కిల్ హుక్ (కొన లోపలికి వంగి ఉండే గాలం) వాడండి. చేప మింగేసినా గాలం పొట్టలో కాకుండా ఎక్కువగా మూతి అంచునే పట్టుకుంటుంది. కాకపోతే చెరువులోలా గట్టిగా గుంజకూడదు, లైన్ బిగిసేదాకా చుట్టుకుంటూ పోవాలి, అంతే.

లూర్‌లకి వచ్చే మూడు కొక్కేల గాలాలు తీసేసి ఒంటి గాలం వేసుకోండి, ముల్లుని ప్లయర్స్‌తో నొక్కేయండి. చేపని వదలడం తేలిక, మీ చేతిలో దిగినా తీయడం తేలిక. నా స్నేహితుడికి బొటనవేలిలో మూడు కొక్కేలది దిగి, గాలం రెండో కొక్కెం ఇంకా తన్నుకుంటున్న చేప మూతిలో ఉంది. ఆ రోజు అతను అరిచిన అరుపు నేనింకా మర్చిపోలేదు.

ఇక్కడి చేపల పేర్లు నేర్చుకోండి. ఇంగ్లీషు పేర్లతో అడిగితే ఒడ్డున ఎవరూ జవాబు చెప్పరు, చెప్పినా వేరే చేప గురించి చెబుతారు. హైదరాబాద్‌లో మీరు వంజరం అన్నది ఇక్కడ కోనాం. ట్యూనా అంటే సూర. ఈ పేర్ల గురించి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. 1780లలో పాట్రిక్ రస్సెల్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి ఇక్కడి రెండు వందల చేపల బొమ్మలు వేయించి, మన జాలర్లు చెప్పిన పేర్లతోనే రాసుకున్నాడు. అది 1803లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే వాటిలో కొన్ని పేర్లని శాస్త్రీయ నామాల్లోకి తీసుకున్నాడు. కానాగుర్త ప్రపంచమంతటా రాస్ట్రెల్లిగర్ కనగుర్త. మీ లూర్‌కి తప్పకుండా పడే తోలుపార రకం ఒకటి స్కాంబరాయిడెస్ టోల్, ఆ టోల్ మన తోలే. జాలరిపేటలో ఎవరో పలికిన మాట రెండు వందల ఏళ్ళుగా జపాన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ శాస్త్రవేత్తలు పలుకుతున్నారు. ఆ పేరుతో ఆ చేపని పట్టుకున్నప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పార అనగానే యూట్యూబ్‌లో అండమాన్ వీడియోల్లోని ముప్పై కిలోల జీటీ (జెయింట్ ట్రెవల్లీ, పారల్లో అతి పెద్దది) మీ కళ్ళ ముందు ఉంటే, దాన్ని కాస్త పక్కన పెట్టండి. వైజాగ్ ఒడ్డు నుంచి ఎక్కువగా పడేవి అరకిలో నుంచి రెండు కిలోల లోపు పారలు, తోలుపారలు. నాలుగు కిలోలది పడితే నేను ఆ రోజు అందరికీ ఫోన్ చేసి చెబుతాను. రెండు కిలోల పార కూడా మీరు పట్టిన ఏ కొరమీను కంటే గట్టిగా లాగుతుంది, ఆ మాట హామీ.

పండుగప్ప గురించి ఒక్కటి తెలుసుకోండి. అది మగచేపగా పెరిగి, కొన్నేళ్ళకి, పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే మీకు పడే పెద్ద పండుగప్ప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే తల్లే. లక్షల గుడ్లు దాని కడుపులో ఉంటాయి. నేను రెండు, మూడు కిలోలది అప్పుడప్పుడు ఇంటికి తెచ్చుకుంటాను, ఐదు కిలోలు దాటితే వదిలేస్తాను. మా ఆవిడకి మొదట్లో ఇది నచ్చేది కాదు. ఒకసారి తనని మొగ దగ్గరకి తీసుకెళ్ళి, తన చేతులతోనే నీళ్ళలో వదిలించాను. అప్పటి నుంచి ఏమీ అనలేదు. వదిలేటప్పుడు పొడి ఇసుకలో పడేయవద్దు, తడిచేతులతో పట్టుకోండి, తల నీటి ప్రవాహానికి ఎదురుగా పెట్టి అదే తోక కొట్టి వెళ్ళేదాకా పట్టుకుని ఉండండి. దాని మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుంది, వేళ్ళు అటు పోనివ్వకండి.

జెల్ల పడితే కాలితో తొక్కవద్దు, చేత్తో పట్టవద్దు. వీపు మీద ఒకటి, పక్కలకి రెండు ముళ్ళుంటాయి, వాటిలో విషం. టేకు తోకలోనూ అంతే. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో గంటా గంటన్నర ముంచి ఉంచండి, నొప్పి బాగా తగ్గుతుంది. చర్మం కాలేంత వేడి వద్దు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది. నేను ఫ్లాస్కులో వేడినీళ్ళు ఎప్పుడూ తీసుకెళ్తాను, గుచ్చుకోని రోజు దాంతో టీ అవుతుంది. ఒళ్ళు బంతిలా ఉబ్బించుకునే పఫ్ఫర్ చేప పడితే వదిలేయండి. వండుకోవద్దు, పిల్లికి కూడా పెట్టవద్దు, దాని విషం వండినా పోదు.

పడవ సంగతి. మన తీరంలో సముద్రం త్వరగా లోతవుతుంది, అందుకే సూర, కోనాం, కొమ్ము కోనాం (ఈటెలాంటి ముక్కుండే మార్లిన్) మిగతా చోట్ల కంటే దగ్గరలో దొరుకుతాయి. పూడిమడక వాళ్ళు చేతి గాలంతో పెద్ద సూరలు పట్టడంలో ఆరితేరినవాళ్ళు. కానీ మొదటి ఏడాది పడవ వద్దంటాను. అది వాళ్ళ బతుకుతెరువు వేట, అందులో ప్రాణం పణం. 2022 ఫిబ్రవరిలో ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడొకరు వేటలో ఉండగా కొమ్ము కోనాం పొడిచి చనిపోయాడు. జీవితమంతా సముద్రంలో గడిపిన మనిషికే అలా జరిగింది. మీరు వెళ్ళదలుచుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, రిజిస్ట్రేషన్ ఉన్న పడవలో, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందని చూసుకుని, తీరం కనిపించేంత దూరంలోనే మొదలుపెట్టండి. పడవ వాళ్ళకి ఆ రోజు వేట ఎంత పోతుందో అడిగి అంత ఇవ్వండి, బేరమాడకండి. వాతావరణం బాగాలేదు, వద్దని వాళ్ళంటే డబ్బు ఎక్కువిస్తానని ఆశపెట్టకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. మోటారు పడవలూ మరపడవలూ సముద్రంలోకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో "ఎవరికీ తెలియకుండా ఒక్క ట్రిప్పు" అని ఎవరినీ అడగకండి. పట్టుబడితే మీకు ఒక సరదా పోతుంది, వాళ్ళకి పడవ పోతుంది. నేను ఆ రెండు నెలలూ ఒడ్డున కూడా పట్టిన ప్రతి చేపా వదిలేస్తాను.

పోర్టు గోడల మీద, నేవీ స్థలాల దగ్గర గాలం వేయాలనే ఆలోచన వద్దు. డాల్ఫిన్స్ నోస్ వైపు కొన్ని చోట్లు చూడగానే చేతులు దురద పెడతాయి, కానీ అవి నిషిద్ధం. అక్కడ కెమెరా తీసినా, డ్రోన్ ఎగరేసినా చిక్కుల్లో పడతారు.

ఒడ్డున అలివి వల లాగుతుంటే కనీసం రెండు వందల మీటర్లు అవతలికి జరగండి. వలలో మీ గాలం చిక్కుకుంటే చిరిగేది వాళ్ళ కూడు. ఖాళీగా ఉంటే వెళ్ళి ఒక చేయి వేసి తాడు లాగండి. ఆ పూట వల ఎక్కడ నిండిందో, ఎంత లోతులో ఏ చేప ఉందో మీకు ఎవరూ అడగకుండానే చెబుతారు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికి వస్తాయి. ఆ నెలల్లో హెడ్‌ల్యాంప్ ఇసుక మీదికి తిప్పవద్దు, వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతాయి. తెగిన లైన్ ఒక్క ముక్క కూడా ఒడ్డున వదలకండి. మెడకి బ్రెయిడ్ చుట్టుకుని చచ్చిపోయిన తాబేలుని సాగర్‌నగర్ దగ్గర నేను చేతులతో పాతిపెట్టాను. నా సంచిలో అప్పటి నుంచి ఒక ఖాళీ డబ్బా ఉంటుంది, నా లైనే కాదు, కనిపించిన ప్రతి ముక్కా అందులో వేస్తాను.

ఇంటికి రాగానే రీల్ డ్రాగ్ పూర్తిగా బిగించి, కొళాయి నీళ్ళు సన్నగా పోసి కడగండి. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ మళ్ళీ వదులు చేయండి, లేకపోతే లోపలి వాషర్లు అణిగిపోతాయి. రాడ్ రింగులు పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ఎంత అలసిపోయి వచ్చినా ఇది అదే రోజు చేయాలి, మర్నాటికి ఉప్పు తన పని చేసేస్తుంది.

ఈ నెల అమావాస్య ఎప్పుడో క్యాలెండర్‌లో చూసుకుని, దానికి ముందు శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మధురవాడలో బయలుదేరండి. రాడ్ ఇంకా వద్దు. నోట్‌బుక్, టార్చి, ఫ్లాస్కు చాలు. మొగకి ఉత్తరపు వైపు ఇసుకమేట కొన మీద కూర్చోండి. అక్కడ ఏం చూశారో రాయండి, ఆ నీటికి ఏ లూర్ కట్టాలో అప్పుడు చెబుతాను.